ఐసులో పెట్టిన రక్తం

మా అమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది. కడుపుబ్బరాన్ని గ్యాసనుకుని వాము నమిలీ నమిలీ, నీరు చేరాకే ఆసుపత్రికి వచ్చింది. అందుకే అక్క కూడా పొట్ట బరువుగా ఉందనగానే నేను ఆగలేదు.

నేనుండే తెనాలికి రప్పించి డాక్టరమ్మకు చూపించాను. "స్కానింగులో ఏమీ లేదమ్మా. రక్తంలోని రక్షణ కణాలను చూసి, గడ్డ కనపడకముందే పసిగట్టే పరీక్ష హైదరాబాదు ల్యాబులో చేస్తున్నారు. ఇంకా పరిశోధనే అనుకోండి. మీ ఇంట్లో ఈ జబ్బు ఉంది కాబట్టి చేయిద్దాం," అంది.

అక్క నిజాంపట్నం హార్బరులో రొయ్యలు ఏరేది. సీజను వదిలి, రక్తం ఇవ్వడానికి మళ్ళీ తెనాలి రానంది. రేపల్లెలో రక్తం తీయించి, బావ రైల్లో తెచ్చేట్టు ఏర్పాటు చేశాను. రక్తం తీసినాయన బావకు చెప్పింది ఒక్కటే: "కణాలు బతికుండాలండి, జాగ్రత్త." ఆ జాగ్రత్తేమిటో విడమరిచి చెబితే నోట్లో ముత్యాలు రాలతాయి కాబోలు.

బావ బుద్ధెరిగినప్పటి నుంచి బోటు మీదే బతికాడు. తెనాలి స్టేషన్లో దిగి థర్మాకోల్ పెట్టె మూత గర్వంగా తీశాడు. నిండా ఐసు, మధ్యలో ట్యూబు.

"ఐసు లేకపోతే పాడైపోద్ది కదమ్మా. దారిలో కూడా కొనేశాను," అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ట్యూబు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ కణాలకు మామూలు గది వేడి చాలట, చల్లబెడితే పరీక్షకు పనికిరావట. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది రొయ్య కాదు బావా!" అని నలుగురిలో అరిచాను. ఐసు నీళ్ళు చొక్కా మీద కారుతున్నా ఆయన పెట్టె కింద పెట్టలేదు.

మళ్ళీ రక్తం ఇవ్వమంటే అక్క నవ్వింది. "నాదేమన్నా మెత్తబడ్డ సరుకా ఏంటే, తిప్పి పంపారు? సీజను అయ్యాక చూద్దాంలే."

సీజను అయ్యేసరికి చీర కుచ్చిళ్ళు నిలవనంత పొట్ట. ఈసారి స్కానింగే చెప్పేసింది. ఆ పరీక్ష ముందే పట్టేదో లేదో నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను తినేస్తోంది.

అక్క పోయిన రోజు, హైదరాబాదు నుంచి తన కూతురు వచ్చేదాకా శవాన్ని ఉంచాలని బాపట్ల నుంచి ఐసు బాక్సు తెప్పించారు. బావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఐసు వద్దు," అన్నాడు. "ఒకసారి పెట్టాను. చాలు."