అప్పన్న పేరు చెప్పి పెంచిన హిప్పీ క్రాపు

మా చిన్నప్పుడు కంచరపాలెంలో నెలకో ఆదివారం మా ఇంటి అరుగు మీద అయిదు తలలు వరసగా కూర్చునేవి... మేం అయిదుగురం అన్నదమ్ములం. ఇంటికొచ్చి క్రాపు చేసే సత్యం బాబాయి పెద్దాడితో మొదలుపెట్టి చిన్నాడి దాకా ఒకే కొలతలో కొట్టేసి వెళ్ళిపోయేవాడు. చెవుల పైన నున్నగా... నెత్తి మీద పేరుకి కాస్త.

చొక్కాలూ అంతే. నాన్న పూర్ణా మార్కెట్లో ఒకే తాను కొనేవారు, అయిదుగురికీ అదే గళ్ళ గుడ్డ. నేను మూడోవాణ్ణి. అమ్మ నన్ను పిలవాలంటే మిగతా నలుగురి పేర్లూ అయ్యాకే 'శీను' దొరికేది. స్కూల్లో మాస్టార్లకైతే నేను ఉత్త 'మూడోవాడు'. నిజం చెప్పొద్దూ... నాకు భలే ఉక్రోషంగా ఉండేది.

అవి డెబ్బైల్లో రోజులు. కుర్రకారంతా హిప్పీ క్రాపుల మోజులో ఉన్నారు... చెవులు కప్పేసి, కాలరు మీద పడే జుట్టు. పదో తరగతిలో అడుగు పెట్టగానే నాకూ కావాలనిపించింది. అడిగితే నాన్న ఒప్పుకోరని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. ఆయన పోర్టులో కళాసీ. మాట తక్కువ... చూపు చాలు, మేం అయిదుగురం పుస్తకాలు తీసేవాళ్ళం.

ఒక ఆదివారం నా వంతు రాగానే లేచి నిలబడి, సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నానని చెప్పేశాను. పరీక్షలయ్యాక తలనీలాలు ఇస్తాననీ, అందాకా కత్తెర తగలకూడదనీ...

సత్యం బాబాయి ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మొక్కు జుట్టు మీద కత్తెర వేసే ధైర్యం మా వైపు ఎవరికుంది! మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, మురిసిపోయి నాకు దిష్టి తీసింది. హెడ్మాస్టారు చెవి మెలిపెట్టబోయి, అప్పన్న పేరు వినగానే చేతులు జోడించి క్లాసుకి పొమ్మన్నారు. నాన్న నా వంక ఒకసారి చూసి ఊరుకున్నారు.

ఆ ఏడాది ఉంది చూశారూ... ఏం చెప్పమంటారు! ముందు చెవులు మునిగాయి, తర్వాత మెడ మునిగింది. వెనక జేబులో దువ్వెన. సాయంత్రం రైలు కట్ట పక్కన నిలబడితే, పోర్టుకి ఇనుప ఖనిజం మోసుకెళ్ళే గూడ్సు బండి గాలికి జుట్టంతా ఎగిరేది. ఆ ఎర్ర దుమ్ము కూడా తలలోనే... మామ్మ కుంకుడుకాయ పులుసు పోసి రుద్ది, ఆముదం పట్టించి, జడ వేయబోయేది. నేను పరుగో పరుగు.

మొక్కున్నవాడు శనివారం నీసు ముట్టకూడదని ఆవిడే రూలు పెట్టింది. అన్నదమ్ములు చేపల పులుసు జుర్రుకుంటుంటే నాకు పప్పు... అయినా బాధనిపించలేదు. వీధిలోవాళ్ళు నన్ను నా పేరుతో పిలుస్తున్నారు మరి. రెండు నెలలు తిరక్కుండా మా వీధిలో ఇంకో నలుగురు కుర్రాళ్ళకి అప్పన్న మీద భక్తి పుట్టుకొచ్చింది.

నేను మరిచిపోయింది ఒక్కటే... మొక్కుకున్నాక తీర్చాలి. మామ్మ మరిచిపోలేదు.

పరీక్షలయిన మర్నాడే అందరం సింహాచలం బస్సెక్కాం. కల్యాణకట్టలో నన్ను పీట మీద కూర్చోబెట్టి, తల మీద చెంబుడు నీళ్ళు పోశారు. పక్కన కత్తి నూరుతున్న చప్పుడు... నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మామ్మ అది భక్తి అనుకుని దండం పెట్టుకుంది.

"మామ్మా... నాను మొక్కుకోలేదు," అనేశాను.

మామ్మ గబగబా లెంపలేసుకుంది. అన్నయ్యలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. నాన్న మాత్రం వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నారు.

"మరెందుకురా పెంచేవు?"

"అద్దంలో సూసుకుంటే నాను కనపడతన్నాను నాన్నా... లేపోతే మా అయిదుగురిలో నానెవుడో నాకే తెలీదు."

దేవుడి పేరున అన్న మాట తప్పితే ఇంటికి మంచిది కాదని మామ్మ ఒకటే గొణుగుడు. అప్పుడు నాన్న చొక్కా విప్పి నా భుజం మీద వేశారు. నన్ను లేపి, ఆ పీట మీద తనే కూర్చున్నారు.

"మనింటి నుంచి అప్పన్నకి ఒక తల ఇవ్వాల. అంతే గదేటమ్మా," అన్నారు మామ్మతో.

మీకు తెలీదు కదా... మా నాన్నకి జుట్టంటే ప్రాణం. డ్యూటీకెళ్ళేముందు కొబ్బరినూనె రాసి, నుదుటి మీద ఒక రింగు తిప్పుకుంటే గాని గడప దాటేవారు కాదు. ఆ రింగు నా కళ్ళ ముందే కింద పడింది. నాకు ఏడుపు ఆగలేదు.

గుండుకి గంధం రాసుకుని లేచి, నా తడి తల మీద చెయ్యి వేశారు. "జుట్టు నీది, ఉంచుకో. ఈసారి దేముడి పేరు సెప్పకు... నాకు సెప్పు."

తిరుగు బస్సులో కిటికీ పక్కన నేను, జుట్టు ఎగరేసుకుంటూ... నా పక్కన గంధం గుండుతో నాన్న. ఎదుటి సీటు ముసలాయన మొక్కెవరిదని అడిగితే, నాన్న నన్ను చూపించారు. ఆయన నా జుట్టు చూసి, నాన్న గుండు చూసి తెల్లమొహం వేశాడు. మామ్మతో సహా మేమంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం. తర్వాత పోర్టులో అడిగినవాళ్ళందరికీ "మా శీనుగాడి మొక్కు బావా" అని చెప్పుకున్నారట.

మొన్న మా మనవరాలు జుట్టు చివర్లకి నీలం రంగు వేయించుకుని వచ్చి, ఎలా ఉంది తాతా అంది. బాగుందమ్మా అన్నాను, మనస్ఫూర్తిగానే. ఆ పిల్ల ఏ దేవుడి చాటునా దాక్కోలేదు... చూస్తే ముచ్చటేసింది.

అడగకుండానే ఒప్పుకోరని అనుకుని, ఒకే ఇంట్లో ఏడాదంతా నాన్న ఎదురుపడకుండా తప్పుకు తిరిగాను. ఇప్పుడాయన లేరు... ఆ ఏడాది తిరిగొస్తే బావుణ్ణనిపిస్తుంది. మీరేం దాచారు మీ నాన్న దగ్గర? చెప్పి ఉంటే ఆయన ఏమనేవారో... రాయండి, చదువుకుంటాను.