కరెంటు ఎక్కణ్ణుంచి?

మా సీనియర్ మేడమ్ అనగానే నాకు ముందు ఆవిడ చూపుడువేలు గుర్తొస్తుంది. మామిడితోటల్లో నేల తేమ కొలిచే పరికరాలు చేసే చిన్న కంపెనీ మాది. బోర్డు మీది ఒక్కో భాగాన్నీ తాకి, "దీనికి కరెంటు ఎక్కణ్ణుంచి?" అని అడిగేవారు. జవాబు డివైస్ ట్రీలో, అంటే ఏ భాగం దేనికి కలిసి ఉందో, పరికరాన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్ అయిన కెర్నెల్‌కు చెప్పే ఫైల్లో, కనిపిస్తేనే వేలు ముందుకు కదిలేది.

ఒకసారి ఆగిరిపల్లి దగ్గర తోటలో మా పరికరం ఆన్ చేసిన కాసేపటికే మూగబోతోంది.

"తోట పిందె మీదుంది. తేమ చెప్పనిది నాకెందుకండీ? పట్టుకుపోండి," అన్నారు రైతు.

మేడమ్ స్కూటర్ సీటు మీద ల్యాప్‌టాప్ పెట్టి చూశారు. భాగాలకు తగిన కరెంటు అందించే రెగ్యులేటర్ పేరు ఫైల్లో ఉంది కానీ, దాన్నుంచే సెన్సర్‌కు కరెంటు వస్తుందని ఎక్కడా లేదు. ఎవరికీ అక్కర్లేదనుకుని కెర్నెల్ దాన్ని ఆపేస్తోంది.

"ఎప్పుడూ ఆన్‌లో ఉంచేద్దామా మేడమ్?" అన్నాను.

"బ్యాటరీ ఊరికే అయిపోతుంది. అప్పుడు ఈయన మళ్ళీ ఇబ్బంది పడాలా?" అంటూ సెన్సర్‌ను రెగ్యులేటర్‌కు కలిపే లైను ఫైల్లో రాసి, పరికరాన్ని మళ్ళీ ఆన్ చేశారు. ఈసారి తేమ అంకె తెర మీద నిలిచింది.

"ఏం చేశారమ్మా?" అన్నారు రైతు.

"సెన్సర్‌కి కరెంటు కావాలని ఎవరూ చెప్పలేదండీ. నేను చెప్పాను."

ఆయన ఆ అంకె చూసి, "తడి చాలినంత ఉందే," అంటూ వెళ్ళి నడుస్తున్న బోరు మోటారు ఆపేసి వచ్చారు.