సైరకాన్ జాడీలు

నారిన్ కొండల్లో సైరకాన్ పేరు తెలియని ఇల్లు లేదు. సమష్టి వ్యవసాయం రోజుల్లో గొర్రెల ఉన్ని కత్తిరించే పోటీలో మగవాళ్ళని ఓడించి పతకం తెచ్చిన మనిషి. గుర్రం మీంచి పడ్డవాళ్ళకి కట్లు కట్టింది. మంచుకి దారులు మూసుకుపోతే పురుళ్ళు పోసింది. మా ఊరి పెద్ద కూడా ఆమె చేతుల్లోనే కళ్ళు తెరిచాడు. ఈ సంగతి ఆమె ఆయన్ని ఏనాడూ మరిచిపోనివ్వలేదు.

దగ్గుజ్వరం ఊరి మీద పడ్డ ఆ వేసవిలో రోగం సోకకుండా ఇంటింటా ఆదిరస్పన్ మొక్క పొగ వేసుకున్నారు. అంటుకుంటుందని ఎవరూ ఎవరి గడపా తొక్కని రోజులు. సైరకాన్ అతిమధురం వేళ్ళూ కొండ పుదీనా కాచి, గాజు జాడీల్లో పోసి, ఇంటింటి గేటు పక్కన పెట్టి వచ్చేది. ఒకరి గిన్నెని ఖాళీగా తిప్పి పంపడం మాలో లేదు. అందుకని ఆ జాడీలు మీగడతోనో, జామ్‌తోనో ఆమె గేటు దగ్గరికే తిరిగొచ్చేవి.

"ముసల్దానా, రోగం పుణ్యమా అని మనం బలుస్తున్నాం," అని దగ్గుతూనే ఎకసెక్కమాడేవాడు భర్త జుమాదిల్.

"బలిసింది చాల్లే. నా కషాయం తాగి మాట్లాడు," అనేది ఆమె.

ఒకరోజు కొండ మీంచి వేళ్ళు తవ్వుకొచ్చేసరికి జుమాదిల్ గోడకి ఆనుకుని కూలబడి ఉన్నాడు. మూతి చుట్టూ తిమ్మిరి. మాట ముద్దముద్దగా వస్తోంది. చేతి దగ్గర, నిన్న పక్కింటి గేటు పక్కన పెట్టొచ్చిన జాడీ, సగం ఖాళీగా. సైరకాన్ వాసన చూసింది. అది తన కషాయం కాదు.

కంచె దగ్గరికి పరుగెత్తి పక్కింటి కానిమ్‌గుల్‌ని కేకేసింది.

"ఒసే, జాడీలో ఏం పోశావే?"

"విషపు వేరు నానబెట్టిన సారా, అక్కా! నీ మోకాళ్ళకి రుద్దుకుంటావని. ఖాళీ జాడీ పంపితే నువ్వు ఊరుకుంటావా?"

"మీ బావ తాగేశాడే!"

కానిమ్‌గుల్ చేతిలో పాలచెంబు జారి పడింది. "నేను లోపలికొచ్చి చెబుదామనే అనుకున్నా అక్కా... రావొద్దన్నారుగా..."

ఊరందరికీ మందు చెప్పిన సైరకాన్‌కి దీని విరుగుడు తెలియదు. "సూదుల పిల్ల" అని తాను ఎగతాళి చేసే ఊరి నర్సు గుల్‌జాన్ ఇంటికే పరుగు తీసింది.

గుల్‌జాన్ వచ్చి నాడి పట్టుకుంది. "పెద్దమ్మా, గుండె గతి తప్పుతోంది. బండి పట్టించు." బంగాళాదుంపల లారీలో ఆయన్ని పడుకోబెట్టి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారంతా సైరకాన్ ఆయన ఛాతీ మీద చెయ్యేసి కూర్చుంది. కింద గుండె ఒకసారి ఉరుకుతోంది, ఒకసారి ఆగినట్టుంటోంది.

మర్నాడు జుమాదిల్ కళ్ళు తెరిచాడు. సైరకాన్ ఏడుస్తూనే తిట్టింది.

"నోరు మండిపోతుంటే ఉమ్మెయ్యాలని తెలియదా ముసలాడా? అంత ఎలా తాగావు?"

"మండింది," అన్నాడాయన నీరసంగా. "రోజూ తాగేది కాదనీ తెలిసింది. గేటు దగ్గర నీ జాడీ చూసి, కొత్త మందేదో కాచి పెట్టావనుకున్నా. నీ చేతిది కదా, అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నా."

సైరకాన్ మంచం పట్టీ పట్టుకుని, అలాగే నేల మీద చతికిలబడింది.