గోడవైపు తిరిగి కూర్చోండి

పోయిన నెల అమలాపురంలో చెవుల పరీక్షకు వెళ్లాను. టీవీ మరీ గట్టిగా పెడుతున్నానని ఇంట్లో ఒకటే పోరు. పరీక్ష చేసే అమ్మాయి నా ఎదురుగా కూర్చుని, ఏ ఊరు, ఏం తిన్నారు, ఎలా వచ్చారు అని అడుగుతుంటే అన్నిటికీ టకటకా జవాబులు చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు నన్ను చూసి, "అమ్మా, గోడవైపు తిరిగి కూర్చోండి" అంది. ఎందుకని అడిగాను. "మీరు నా పెదాలు చూసి చెప్పేస్తున్నారండీ. ఇలాగైతే మీ చెవి సంగతి నాకెలా తెలుస్తుందండీ" అని నవ్వింది. తిరిగి కూర్చున్నాను. లేత ఆకుపచ్చ గోడ, దానికో మేకు. ఆ మేకును చూస్తూ ఉండగా మా మావయ్య గుర్తుకొచ్చి, ఆ తర్వాత ఆ పిల్ల చెప్పిన మాటల్లో సగం తిరిగి చెప్పలేకపోయాను. అదంతా చెవి లోపమనే రాసుకుంది పాపం.

మావయ్య అంటే మా అమ్మకి సొంత తమ్ముడు. ముక్తేశ్వరం పక్కన ఉన్న మా ఊళ్లో, మా తాతలు కూలికి పోయిన పొలాల గట్ల మీద ఇస్త్రీ బట్టలతో నడిచిన మొదటి మనిషి, మా ఇళ్లలో నెలజీతం అందుకున్న మొదటి మనిషీ ఆయనే. పట్టాళంలో పెద్ద ఫిరంగుల దగ్గర పని. గుండు ఎత్తి అందించడం ఆయన వంతు. "చెవులు మూసుకోవచ్చు కదా మావయ్యా" అని ఒకసారి అంటే, "రెండు చేతుల్లోనూ గుండుంటే చెవులెవరు మూస్తారే అమ్మాయ్" అన్నాడు. డెబ్భైల మధ్యలో, పింఛనుకు సరిపడా ఏళ్లు నిండకుండానే ఉద్యోగం ముగించుకుని వచ్చేసరికి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి ముప్పాతిక పోయింది. మిగిలిన పావులో ఎప్పుడూ కీచురాళ్లు అరుస్తున్నట్టు ఉంటుందనేవాడు. ఊరికి ఈ సంగతి తెలియదు. వెనకనుంచి పిలిస్తే పలకడని, పట్టాళం పొగరని చెప్పుకునేవారు. గుళ్లో ఆదివారం పాట అందరూ ముగించి కూర్చున్నాక కూడా ఆయన గొంతు ఒక్కటే చివరి చరణం మీద నిలబడి ఉండేది. అత్తయ్య మోచేత్తో ఒక్క పోటు పొడిచేది. పాస్టరుగారు మంచివారు కాబట్టి, ప్రార్థన ఎప్పుడూ ఆ పోటు అయ్యాకనే మొదలుపెట్టేవారు.

నవ్వు అంతవరకే. ఒక గోడౌను గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది ఆయనకి. మిట్టమధ్యాహ్నం లారీ వచ్చి హారను కొట్టీ కొట్టీ, చివరికి డ్రైవరు దిగి గేటు ఎక్కి దూకితే, లోపల మావయ్య అటు తిరిగి మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. ఆ సాయంత్రమే రావద్దన్నారు. అత్తయ్య కొబ్బరికాయల కొట్టులో పీచు ఒలిచే పనికి కుదిరింది. మూడో నెలలో ఆమె అరచేతులు చూసి మావయ్య నా దగ్గరకొచ్చి, "చెవులు పట్టాళమే తీసుకుందని, పింఛను ఇమ్మని ఒక అర్జీ రాయవే" అన్నాడు. నేను చదివింది ఎనిమిదే అయినా మా శాఖా గ్రంథాలయంలో బీరువాలన్నీ ఖాళీ చేసిన దాన్నని ఊళ్లో పేరు. రాశాను. జవాబు వచ్చింది. విడుదల నాటి వైద్యపరీక్ష కాగితంలో "ఫిర్యాదు ఏమీ లేదు" అని ఆయన సంతకం ఉందట. అడిగితే తల వంచుకున్నాడు. చెవి సంగతి చెబితే ఆసుపత్రిలో పడుకోబెట్టి పరీక్షలంటారని, అందరితో కలిసి ఇంటికొచ్చే రైలు తప్పిపోతుందని భయపడ్డాడట.

మళ్లీ పరీక్ష జరిపించమని ఇంకో అర్జీ పంపాం. జవాబు కోసం చూసిన ఆ రెండేళ్లలోనే నేను ఒక ఘనకార్యం చేశాను. గ్రంథాలయంలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కంటబడింది, చెవిటివారికి పెదాల కదలిక చూసి మాట పోల్చుకోవడం ఎలా నేర్పాలో చెప్పే పుస్తకం. "ఇన్నేళ్లకి దీన్ని అడిగిన మొదటి మనిషివి నువ్వేనమ్మా" అన్నారు లైబ్రేరియనుగారు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. రోజూ సాయంత్రం వీధరుగు మీద మావయ్యని ఎదురుగా కూర్చోబెట్టి గొంతు లేకుండా మాట్లాడేదాన్ని. పకారం, బకారం, మకారం పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి, ముందువెనకల్ని బట్టి ఊహించుకోవాలి. పట్టాళంలో డ్రిల్లు నేర్చుకున్నట్టే నేర్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఎదురుగా ఉన్న మనిషితో మామూలుగా మాట్లాడేవాడు. గుళ్లో పాట అందరితోపాటే ముగించేవాడు. అత్తయ్య మోచేతికి విశ్రాంతి దొరికింది. నాకైతే కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ పుస్తకంలో చివరి అధ్యాయం మాత్రం చదవలేదు. అది వినికిడి పరీక్షల గురించి. కష్టమైన మాటలు ఎక్కువగా ఉన్నాయి, మనకి కావలసింది నేర్పడం కదా అని వదిలేశాను.

ఎనభైల మొదట్లో పిలుపు వచ్చింది. దూరపు సైనిక ఆసుపత్రిలో డాక్టర్ల ముందు హాజరు కమ్మని. కాగితాలన్నీ వరసగా కుట్టి ఇచ్చాను. అయిదోరోజు సాయంత్రం అత్తయ్యా నేనూ రేవులో నిలబడ్డాం. గోదావరి దాటించే పంటు కోటిపల్లి నుంచి వస్తుంటే దూరంనుంచే చెయ్యి ఊపాడు. దిగీ దిగకముందే అత్తయ్య ఎదురెళ్లి, ముఖం ఎత్తి, "ఏమన్నారండీ?" అంది.

"చెవి కొలిచే మిషను పాడైందంట. డాక్టరుగారే మాటలతో పరీక్ష పెట్టేరు. మన రాజోలు ఆయనేనే. మనవాడివి కూర్చోమని ఎదురుగా కుర్చీ వేయించేరు. ఇరవై ప్రశ్నలు అడిగేరు. ఒక్కటి తప్పితే ఒట్టు." నావైపు తిరిగాడు. "నీ పేరు నిలబెట్టేనే అమ్మాయ్."

అత్తయ్యకి వెంటనే అర్థం కాలేదు. నాకు అయింది. రేవులో ఒండ్రు ఉంది కాబట్టి కాలు జారినట్టు నటించి కూర్చుండిపోయాను. జీవితమంతా వైద్యపరీక్ష అంటే నెగ్గవలసిందే అని నేర్చుకున్న సిపాయి ఆయన. ఓడిపోతేనే గెలిచే పరీక్ష ఒకటి ఉంటుందని చెప్పవలసింది నేను.

కొన్ని నెలలకు కాగితం వచ్చింది. సంభాషణ స్వరం బాగా వినగలడు, పింఛనుకు అర్హత లేదు. అత్తయ్య దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. "పుస్తకాలు చదివితే కళ్లు తెరుచుకుంటాయంటారు. మా ఆయన చెవులు కూడా తెరిచేసేవు తల్లీ" అని కొట్టుకి పనికి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నమే వెళ్లి పుస్తకం మళ్లీ తెచ్చి చివరి అధ్యాయం చదివాను. మొదటి పేజీలోనే ఉంది. పరీక్షించేవారు నోటికి అట్ట అడ్డం పెట్టుకోవాలి, లేదా రోగిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాలి.

మూడో అర్జీ రాశాను. పెదాల విద్య నేనే నేర్పానని, తప్పు నాదేనని, ఈసారి ముఖం కనిపించకుండా పరీక్షించమని. మావయ్య అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చదివాడు.

"మొదట ఏ బాధా లేదని సంతకం పెట్టేను. మొన్న అన్నీ వినపడినట్టు చెప్పేను. ఇప్పుడు వినపడదంటే ఏమంటారే?"

"నిజమే కదా మావయ్యా."

"నిజమేనే. మూడోసారి చెప్పే నిజాన్ని నిజమని ఎవరంటారు? దొంగ అంటారు. ఆ రాజోలు డాక్టరుగారు నా భుజం తట్టి పంపేరు. ఆయన ముందుకి మళ్లీ వెళ్లి నేల చూస్తూ కూర్చోలేను."

"అత్తయ్య చేతులు చూశావా?"

ఆయన నా పెదాలకేసే చూశాడు. విననట్టు నటించడానికి వీలులేని విద్య నేనే నేర్పాను. సరేనన్నట్టు "ఆయ్" అని ఒక్కమాట అని, అర్జీ మడిచి తీసుకుని లోపలికి వెళ్లాడు. సంతకం పెట్టి పంపుతాడనుకున్నాను.

ఆ దశాబ్దం ముగిసేలోపే మావయ్య పోయాడు. సమాధి పెట్టె మూసేముందు అత్తయ్య వంగి, ఆయన ముఖానికి ఎదురుగా తన ముఖం పెట్టి, గొంతు లేకుండా ఏదో చెప్పింది. పెదాలు చదవడం నాకు వచ్చు. నేను గోడవైపు తిరిగాను. తరవాత ఆయన ఇనప పెట్టె సర్దుతుంటే అడుగున నా అర్జీ దొరికింది, ఇస్త్రీ చేసిన యూనిఫారం మడతలో. సంతకం పెట్టవలసిన చోటు ఖాళీగానే ఉంది. అత్తయ్య చివరిదాకా కొబ్బరి కొట్టుకే వెళ్లింది. నన్ను మళ్లీ ఒక్కమాట అనలేదు.

నేను చదవకుండా వదిలేసిన పేజీలోని మాట ఒక మనిషి నోటివెంట రావడానికి నలభై ఏళ్లు పట్టింది. అప్పటికి గోడ ముందు కుర్చీలో ఉన్నది ఆయన కాదు, నేను.