బావ కోసం దాచిన చప్పుడు

మా అక్క మొగుడు బిలాస్‌పూర్‌లో రైలింజను డ్రైవరు. ఇక్కడ డ్రైవరు రిటైరయ్యే రోజున ఒక ముచ్చట ఉంది. మంచు కమ్మినప్పుడు హెచ్చరికగా పట్టాల మీద పెట్టే పటాకాలను ఆయన ఆఖరి బండి వచ్చే దారిలో వరసగా అమరుస్తారు. చక్రం ఎక్కగానే ఢాం, ఢాం! ఎంతమందికో బావే దగ్గరుండి అవి పెట్టించాడు. తీరా తన వంతుకి ఇంకా నాలుగేళ్లుందనగా మెడికల్‌లో కళ్లు ఫెయిలయ్యాయి. ఇంజను దింపేసి, డ్రైవర్లు డ్యూటీకి హాజరయ్యే లాబీలో అందరికీ డ్యూటీలు రాసే కుర్చీ ఇచ్చారు.

"కుర్చీకి పటాకాలెవడు పెడతాడే మరదలా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఊరికి దగ్గర్లోని సీపత్‌లో, మా ఆఫీసు కొత్త సంవత్సరం లక్కీ డ్రాలో నాకొక సీసా తగిలింది. అందరూ షాంపేన్ అన్నారు. సీసా మీద మాత్రం స్పార్క్లింగ్ వైన్ అని ఉంది. నెహ్రూ నగర్‌లో మా ఇంట్లో ఉండే అత్తగారు వెల్లుల్లి వాసనకే గంగాజలం చల్లే మనిషి. ఇక దీని వాసన తగిలితే గంగనే దారి మళ్లిస్తుంది. అందుకని సీసాను చున్నీలో చుట్టి, స్కూటీ మీద తిన్నగా తోర్వాలో అక్క ఇంటికి పోయాను.

"ఇదిగో బావా నీ పటాకా. రిటైరైన రోజున పేల్చు."

బావ సీసాను వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. "అన్నాళ్లు ఉంటాదేటి?"

"ఉండడమేటి, పాతబడే కొద్దీ బలం పెరుగుద్ది," అన్నాను. నాకేమీ తెలీదు. తెలీని సంగతి చెప్పేటప్పుడే నా గొంతు గట్టిగా పలుకుతుంది.

అక్క మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. "పేలుద్దంటావేటే? మా ఇంట్లోనా?"

అంత భయంగా అడిగితే నా నోరు ఊరుకుంటుందా? సీపత్‌లో ఒక కాంట్రాక్టరు ఇంట్లో ఎండాకాలం ఇలాంటి సీసాయే పేలిందనీ, బిరడా కిటికీలోంచి దూసుకుపోయి ఎదురింటి డిష్ యాంటెన్నాకు తగిలిందనీ, ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఒడియా చానెళ్లు తప్ప మరేమీ రావడం లేదనీ చెప్పాను. పాపం, ఇప్పుడు ఆ ఇంటి పిల్లలు ఒడియాలోనే అలుగుతారని కూడా చేర్చాను.

అక్క ఆ సాయంత్రమే సీసాను వంటింటి చీకటి మూలన, మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకలో పడుకోబెట్టి పాతేసింది. పైన గోనెపట్టా కప్పింది. కుండతో పాటు దానికీ రోజూ నీళ్లు చల్లేది. వేసవిలో ఊరు ఊరంతా పెనంలా కాలినా ఆ మూల చల్లగానే ఉండేది. ఫ్రిజ్‌లో పెడదామని బావ అంటే, "నా పెరుగు పక్కన బాంబేటండీ?" అని కసిరేది.

అలా నాలుగేళ్లూ గడిచి, బావ రిటైరయ్యే వారం వచ్చాక వాళ్లమ్మాయి ఫోన్లో చూసి పిడుగులాంటి మాట చెప్పింది. "పప్పా, యే తో గడ్‌బడ్ హై. ఇలాంటిది కొన్న మూడు నాలుగేళ్లలో తాగీయాలంట. పాతబడితే బాగవదంట. వేడి తగిలితే పాడంట. ఫ్రిజ్‌లో ఏళ్ల తరబడి ఉంచినా బిరడా ఎండిపోయి గ్యాస్ పోద్దంట."

బావకు మిగతాదేదీ వినపడలేదు. "గేస్ పోతే చప్పుడో?"

"అదీ పోద్ది."

బావ నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను.

ఆ రోజు రానే వచ్చింది. లాబీలో దండ వేసి, శాలువా కప్పి పంపారు. ఒకప్పుడు ఇంజన్లో బావ పక్కన కూర్చున్న ఛత్తీస్‌గఢీ అసిస్టెంటు కూడా ఇంటికొచ్చాడు. అక్క ఇసుక తవ్వి సీసా తీసింది. ఐసు బకెట్లో పెట్టాం.

"బిరడా గట్టిగా పట్టుకుని సీసాను మెల్లగా తిప్పాలి పప్పా. చప్పుడు రాకుండా తియ్యడమే పద్ధతంట," అంది అమ్మాయి.

"చప్పుడు రాకుండానా? మరి నాలుగేళ్లు ఇసకలో ఎందుకు తొంగోబెట్టినట్టు?"

బావ బిరడా మీది తీగ విప్పాడు. బొటనవేళ్లతో తోశాడు. బిరడా కదల్లేదు. మళ్లీ తోశాడు. లేదు. చెవి ఆనించి విన్నాడు. నేనే ఆయన తల లాగి పక్కకి జరిపాను. సీసాను బల్ల మీద పెట్టేశాడు.

"చచ్చిపోయిందే. నాకు లేదంతే," అన్నాడు.

"రహన్ దే దాదా," అన్నాడు అసిస్టెంటు, పోనీలే అన్నట్టు.

అక్కకి ఎక్కడలేని కోపం వచ్చింది. "నాలుగేళ్లు నీళ్లోసి పెంచేను దీన్ని! ఊరికే పోద్దేటి?" అని సీసా లాక్కుని, మొహం అటు తిప్పుకుని, మజ్జిగ సీసాలా ఊపడం మొదలెట్టింది.

"పైకి పట్టవే! పైకి!" అని అరిచాను.

ఢాం!

బిరడా సీలింగుకు కొట్టుకుంది. నురగ బావ శాలువా మీద పడింది. అసిస్టెంటు లేచి అటెన్షన్‌లో నిలబడిపోయాడు. అటు కోర్బా లైన్లో బొగ్గు బండి ఒకటి బ్రేకేసిందని నేను ఊళ్లో చెబుతుంటాను. ఎవరూ కాదనలేదు.

గ్లాసుల్లోకి తలా రెండు గుటకలు మిగిలాయి. రంగు కొంచెం ముదిరి, వేయించిన వేరుశనగల వాసన వేసింది. బుడగలు బద్ధకంగా లేచాయి. ఇంకో వేసవి ఆగి ఉంటే ఆ మాత్రం కూడా ఉండేది కాదేమో. బావ తాగలేదు. గ్లాసు పట్టుకుని సీలింగు మీది మరక వంకే చూస్తున్నాడు.

గోడ అవతల నుంచి పక్కింటావిడ కేక పెట్టింది: "ఏటమ్మా, సిలిండరు పేలిందేటి?"

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ పెరట్లోకి పోయి, వీధంతా వినపడేలా చెప్పింది.

"సిలిండరు కాదమ్మా. మావోరు ఇంజను దిగేరు. హారతివ్వాల, మీ ఇంట్లో కర్పూరం ఉందేటి?"