పడుకోబెట్టిన బండలు

బేతంచెర్లలో నాపబండల దుకాణం నడిపే గోవిందయ్య తన కొడుకు తేజేశ్వర్‌కు తొలిసారి ఒంటరిగా లోడు అప్పజెప్పాడు. జమ్మలమడుగు దగ్గర పుల్లమ్మ వంటింట్లో పరిచే బండలు. ఒకటే మాట చెప్పాడు: "నిలబెట్టినవి నిలబెట్టినట్టే దించాల."

లైసెన్సు కొత్త, వయసు కొత్త. ఊరు దాటగానే స్నేహితులు సుధీర్, నాగచైతన్య బండి ఎక్కారు. గండికోట చూసి, ఆనక బండలు దించాలని పథకం. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తిరగడమే ఆ వయసుకు స్వేచ్ఛ!

"ఇవి ఇట్ల నిలబడితే మేం యాడ కూచునేదిప్పా? పడుకోబెట్టు" అన్నాడు సుధీర్.

ఆ ఊళ్లో పుట్టినవాడికి పడుకోబెట్టిన బండ గుంతల దారిలో పగిలిపోతుందని తెలుసు. అయినా తేజేశ్వర్ స్నేహితుల ముందు నాయన మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ముగ్గురూ కలిసి పడుకోబెట్టారు. వెనక ఇద్దరూ వాటి మీద వెల్లకిలా పడి పాటలు పాడారు. కింద ఏదో టప్పుమంది. తేజేశ్వర్ పాట సౌండు పెంచాడు.

లోయ, పెన్న, ఫొటోలు. అన్నీ అయ్యాక, పుల్లమ్మ ఊరి బయట ఏమీ ఎరగనట్టు బండలు నిలబెట్టబోతే, ఎత్తిన ప్రతి బండా రెండు ముక్కలుగా చేతికొచ్చింది.

పుల్లమ్మ వంటిల్లు ఖాళీ చేసి, గిన్నెలు వాకిట్లో పెట్టుకుని ఉంది. సిమెంటు కలుపుకున్న మేస్త్రీ ఏసేపు బండిలోకి తొంగిచూశాడు. "ఏమప్పా, బండలు తెచ్చినావా, అప్పడాలు తెచ్చినావా?"

"పిల్లోళ్లను ఏమనొద్దు" అంది పుల్లమ్మ. "పెరట్లో పరుచుకుంటాంలే. పలిగినాయని కోళ్లేమన్నా అడుగుతాయా? రాండప్పా, సంగటి తినండి."

తింటుండగా గోవిందయ్య పుల్లమ్మకు ఫోన్ చేశాడు. "బాగా తెచ్చినాడప్పా నీ కొడుకు" అందామె. తేజేశ్వర్ ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. ఎడమచేత్తో ఫోన్ అందుకున్నాడు.

"నాయనా, బండలు పలిగినాయి."

"పడుకోబెట్టినావా?"

"ఊ."

"ఆయమ్మ ఇంట్లో తిన్న్యావా?"

"తింటాండా."

"తిను. రేపు వేరే బండలు నేనే తోలుకొస్తాలే."

తిట్టి ఉంటే ఆ సంగటి అరిగేది. మర్నాడు తండ్రి బండి తోలుతుంటే, తేజేశ్వర్ వెనక నిలబడి బండలు పట్టుకుని జమ్మలమడుగు దాకా వచ్చాడు. పట్టుకోమని ఎవరూ చెప్పలేదు. తాళ్లు గట్టిగానే కట్టి ఉన్నాయి.

ఇప్పుడు దుకాణం అతనిదే. లోడు ఎత్తుతున్నంతసేపూ కుర్చీలో కూర్చోడు. కూలీ తిమ్మన్న నవ్వుతాడు: "బండలు నిలబడినాయిలేప్పా, ఇంక నువ్వు కూచో."

బండి మలుపు తిరిగేదాకా అతను కూర్చోడు.