పట్టుచీరల అంగడిలో దొంగ కార్డు

1987. తిరుపతిలో మా బ్యాంకుకు వచ్చే క్రెడిట్ కార్డు చీటీలు చూసే పని నాకు అంటగట్టారు. ఊళ్లో కార్డు తీసుకునే దుకాణాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంప్రింటర్ అనే చేతి యంత్రంలో కార్డు పెట్టి అటూ ఇటూ లాగితే, దాని మీది ఉబ్బెత్తు అంకెలు కార్బన్ చీటీ మీద పడేవి. బిల్లు ఫ్లోర్ లిమిట్, అంటే బ్యాంకు పెట్టిన హద్దు, దాటితే మాత్రం మద్రాసులోని కార్డు ఆఫీసుకు ట్రంక్ కాల్ చేసి అనుమతి అడగాలి. అడగకుండా అమ్మితే నష్టం దుకాణానిదే.

ఆ ఏడు ఒక పట్టుచీరల అంగడి చీటీ చెల్లదని తిరిగొచ్చింది. ఆ నంబరున్న అసలు కార్డు బొంబాయిలో ఒకాయన జేబులో భద్రంగా ఉందట. ఎవడో అదే నంబరుతో నకిలీ కార్డు చేయించి, ఇంట్లో పెళ్లని చెప్పి చీరలు మూటగట్టుకుపోయాడు. బిల్లు హద్దు దాటినా, చీటీలో అనుమతి నంబరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

విచారణకు నేనే వెళ్లాను. అమ్మింది మునిరత్నం, వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చే సేల్స్‌మన్. పాపం, నన్ను చూడగానే చేతులు కట్టుకున్నాడు.

"ఫోన్ ఎందుకు చేయలేదయ్యా?"

"చేసినాను సార్. లైను దొరకలా. ఆయనకేమో బస్సుకు టయిమయిపోతాండాది. గుండు కొట్టించుకొని, చందనం పూసుకొని, చేతిలో లడ్డుతో వచ్చినాడు. అట్లాంటి మనిషిని సూస్తే అనుమానం యాడ పుడతాది సార్?"

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. యజమాని శెట్టిగారు మాత్రం మండిపడుతున్నారు.

"అంతా వీడి జీతంలోనే పట్టుకుంటా సార్. వీడు చేసిన తప్పుకు నేనెందుకు కట్టాల?"

మునిరత్నం తల వంచుకున్నాడు. "పట్టుకోండి సామీ. పాప నర్సు ట్రైనింగులో ఉండాది. మాన్పించి ఇంటికి పిలిపించుకుంటా."

అంత మాటా అతను మెల్లగా, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా అన్నాడు. నష్టం బ్యాంకుది కాదని తేల్చడంతో నా పని అయిపోయినట్టే. అయినా నోరు ఊరుకోలేదు.

"శెట్టిగారూ, ఆ పూట గల్లా దగ్గర మీరే ఉండుంటే ఏం చేసేవారు?"

ఆయన కోపంగా ఏదో అనబోయి ఆగారు. మునిరత్నం వైపు చూశారు.

"ఏం చేస్తాను సార్... కాఫీ తెప్పించి, పోయేటప్పుడు రెండు జాకెట్టు గుడ్డలు ఊరికే ఇచ్చుందును."

ముందుగా ఆయనే నవ్వారు. "పాపను సదువుకోనీ అప్పా," అన్నారు మునిరత్నంతో. నష్టం అంగడే భరించింది.

దొంగ ఇప్పటికీ దొరకలేదు. తర్వాత ఇలాంటి కేసులు చాలా చూశాను. దొంగ చేజారినప్పుడు నష్టం, ఎదురు చెప్పలేని మనిషి దగ్గరికే నేరుగా పోతుంది. రూల్సు పుస్తకం తెరవకముందే ఆ మనిషి ఎవరో చూడాలని ఆ అంగడిలోనే నేర్చుకున్నాను.